ముక్కులో మందు నిలిచేదెలా? నస్యం నుంచి జెల్ వరకు ఒక చరిత్ర

తెలుగులో 'నస్యం' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఆయుర్వేదంలో అది ముక్కు ద్వారా మందు వేసే చికిత్స. వాడుకలో అది పొగాకు పొడుము. ఒకే మాట ఒక చికిత్సకూ ఒక వ్యసనానికీ పేరు కావడం విచిత్రంగా తోచవచ్చు. కాని ముక్కు స్వభావం తెలిస్తే అందులో వింత ఏమీ లేదు. మేలు చేసే మందుకూ కీడు చేసే పదార్థానికీ అక్కడ దారి ఒక్కటే. ఆ దారిలో ఏది ఎంతసేపు నిలుస్తుంది అన్నదాని మీదనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఇటీవలి కాలంలో ముక్కులో వేసే జెల్ మందుల గురించి మీరు వింటూ ఉంటారు. వాటి వెనుక ఉన్న కథ చాలా పాతది. నందికొట్కూరు ప్రాంతంలో నివసించే మనకు ఆ కథ దూరపు విషయం కూడా కాదు. కర్నూలు నుంచి నల్లమల అంచుల దాకా ఉన్న ఈ మెట్ట నేలలో వేసవి గాలి ముక్కును ఎండగొడుతుంది. పసిబిడ్డ ముక్కులో నూనె వేసే అలవాటు, పచ్చకామెర్లకు ముక్కులో పసరు పిండే అలవాటు మన పల్లెలకు తెలిసినవే. వాటిలోని మంచిచెడ్డలు తేల్చుకోవడానికి కూడా ఈ చరిత్ర పనికివస్తుంది.

పూర్వుల నస్యం

చరక, సుశ్రుత సంహితలు నస్యానికి గొప్ప స్థానం ఇచ్చాయి. పంచకర్మలలో అది ఒకటి. ముక్కు శిరస్సుకు ద్వారం అన్నది ఆ శాస్త్రకారుల భావన. చరక సంహితలో నస్యం ఐదు విధాలుగా చెప్పబడింది. నూనె చుక్కలు వేయడం, పసరు పిండడం, చూర్ణాన్ని గొట్టంతో లోపలికి ఊదడం, పొగ పీల్పించడం, ప్రతిదినం స్వల్పంగా తైలం వేసుకోవడం వాటిలోనివి. అణుతైలం అనే ప్రసిద్ధ ఔషధాన్ని నువ్వుల నూనె, మేకపాలు, అనేక మూలికలతో వండే విధానం కూడా అందులో ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పూర్వులు మూలికల సారాన్ని కేవలం నీటిలో ఇవ్వక నూనెలో ఇవ్వడానికి ఎందుకు మొగ్గు చూపారు? వారి సిద్ధాంతం వారికి ఉంది. నేటి దృష్టితో చూస్తే మరొక కారణం కనిపిస్తుంది. నీరు ముక్కులో క్షణాలలో జారిపోతుంది, నూనె కొంతసేపు అంటుకొని ఉంటుంది. ముక్కులో మందు నిలవాలంటే దానికి కొంత చిక్కదనం ఉండాలన్న అనుభవం ఆ ఎంపికలో దాగి ఉందని అనుకోవచ్చు.

చైనాలో మరొక దారి తొక్కారు. 16వ శతాబ్దం నాటికే అక్కడి వైద్యులు మశూచి పొక్కుల పక్కులను ఎండబెట్టి, పొడి చేసి, సన్నని గొట్టంతో పిల్లల ముక్కులోకి ఊదేవారు. తేలికపాటి మశూచి వచ్చి తగ్గిపోతే ప్రాణాంతకమైన మశూచి మళ్ళీ రాదన్నది వారి లెక్క. కొందరికి ఆ ఊదిన పొడి వలననే ప్రాణం పోయేది. అయినా రోగనిరోధక శక్తిని ముక్కు ద్వారా మేల్కొల్పవచ్చునన్న ఆలోచనకు అది తొలి రూపం.

పోర్చుగీసువారి వలన పొగాకు మన దేశానికి వచ్చాక నస్యం అనే మాట మందు నుంచి పొడుముకు జారింది. నికోటిన్ ముక్కు పొరల గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. కనుకనే పొడుము పీల్చినవారికి కొద్ది నిమిషాలలోనే హుషారు కలుగుతుంది. పొడుము ఘాటుకు ముక్కు పొరలు దెబ్బతింటాయి, అలవాటు మనిషిని వదలదు.

ముక్కు ఎందుకు ఊరుకోదు?

ఇప్పుడు ముక్కు లోపలి నిర్మాణం కొంత చూద్దాం. పెద్దవారి నాసికా కుహరంలో పట్టే గాలి సుమారు 15 మిల్లీలీటర్లే. అయినా లోపలి మడతల వలన దాని ఉపరితలం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ పొర కింద రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. మింగిన మందు జీర్ణాశయపు ఆమ్లాన్ని, పేగులను, కాలేయాన్ని దాటి రావాలి. ముక్కులోని మందుకు ఆ బాధ లేదు. అది సరాసరి రక్తంలో కలవగలదు. ముక్కు పైకప్పులో వాసన తెలుసుకునే చిన్న ప్రాంతం ఉంటుంది. అక్కడి నాడీ తంతువులు ఎముకలోని సన్నని రంధ్రాల గుండా మెదడుకు చేరుతాయి.

ఇన్ని సౌకర్యాలు ఉన్న ద్వారానికి కాపలా కూడా గట్టిగానే ఉంటుంది. శ్లేష్మపు పొర మీద కంటికి కనబడని కేశికలు కోట్లకొలదిగా ఉంటాయి. గాలికి వరిచేను ఊగినట్లు అవి ఒకే దిశలో ఊగుతూ, శ్లేష్మాన్ని నిమిషానికి సుమారు 6 మిల్లీమీటర్ల వేగంతో గొంతు వైపు నెడతాయి. దుమ్ము, సూక్ష్మజీవులు, మందు అన్న భేదం వాటికి లేదు. దీనిని కొలవడానికి 1974లో ఒక సులువైన పరీక్ష వచ్చింది. చిటికెలో చిటికెంత శాకరిన్‌ను ముక్కులో ఉంచి నోటికి తీపి ఎప్పుడు తెలుస్తుందో చూస్తారు. ఆరోగ్యవంతులలో సాధారణంగా 20 నిమిషాల లోపే తీపి తెలుస్తుంది. అంటే ముక్కులో వేసిన మందుకు దొరికే గడువు అంతే. పైగా ఒక్కొక్క ముక్కురంధ్రంలో ఒకసారికి 0.1 మిల్లీలీటరును మించి ద్రవం వేస్తే అది ముందుకైనా కారుతుంది, గొంతులోకైనా దిగుతుంది.

మందును అక్కడ నిలపడం ఎలా? 20వ శతాబ్దమంతా వైద్యులు ఈ ప్రశ్నతోనే పెనగులాడారు.

నిలిపినవి, నిలిచి చెరిచినవి

1922లో అమెరికా వైద్యుడు హెర్మన్ బ్లూమ్‌గార్ట్ ఒక మంచి విజయం సాధించాడు. అతిమూత్ర వ్యాధితో బాధపడుతున్న రోగికి పిట్యూటరీ గ్రంథి సారాన్ని ముక్కు ద్వారా ఇవ్వగా మూత్రం తగ్గింది. ఇది చక్కెర వ్యాధి కాదు, పిట్యూటరీ హార్మోను లోపం వలన కలిగే వేరొక వ్యాధి. సూది మందు అవసరం లేకుండా ఒక హార్మోను ముక్కు ద్వారా పనిచేయగలదని దానితో రుజువైంది. 1967లో చెకోస్లొవేకియాలో తయారైన డెస్మోప్రెస్సిన్ తరువాత ఆ సారం స్థానాన్ని ఆక్రమించింది. నేటికీ దానిని ముక్కు స్ప్రేగా వాడుతున్నారు.

అదే కాలంలో పాశ్చాత్య దేశాలలో జలుబుకు నూనె చుక్కలు ఇంటింటా ఉండేవి. లిక్విడ్ పారఫిన్‌లో మెంథాల్ వంటివి కలిపి ముక్కులో వేసుకునేవారు. నూనె బాగానే నిలిచేది. అయితే గొంతు వెనుక నుంచి కొంత నూనె నెమ్మదిగా ఊపిరితిత్తులలోకి జారేది. నీళ్ళు శ్వాసనాళంలో పడితే దగ్గు వస్తుంది. నూనె పడితే దగ్గు కూడా సరిగా రాదు. ఆ విధంగా చేరిన నూనె వలన న్యుమోనియా కలుగుతుందని 1925లో లాఫ్లెన్ అనే వైద్యుడు మరణానంతర పరీక్షల ఆధారంగా వివరించాడు. లైపాయిడ్ న్యుమోనియా అనే పేరుతో వైద్య గ్రంథాలలో నేడు కనిపించే వ్యాధి అదే.

1937లో కెనడా నగరం టొరంటోలో పోలియో విజృంభించింది. పోలియో క్రిమి వాసన నాడుల గుండా మెదడుకు చేరుతుందని ఆనాడు చాలామంది నమ్మేవారు. కోతుల మీద జరిగిన ప్రయోగాలు ఆ నమ్మకానికి ఆధారం. ఆ ద్వారాన్ని మూసివేద్దామని దాదాపు 5,000 మంది పిల్లల ముక్కు పైభాగంలో జింక్ సల్ఫేట్ ద్రావణాన్ని చిమ్మారు. స్ప్రే కొట్టని పిల్లలతో పోల్చి చూడగా పోలియో ఏమీ తగ్గలేదు. కొందరు పిల్లలకు మాత్రం వాసన తెలియకుండా పోయింది. పోలియో క్రిమి నోటి ద్వారా పేగులలోకి ప్రవేశిస్తుందని తరువాత తేలింది. ఆ స్ప్రే తప్పుడు ద్వారానికి వేసిన తాళం అయింది.

జెల్ వచ్చిన వైనం

1980ల చివర నాటింగ్‌హామ్‌లో లిస్బెత్ ఇల్లం, ఆమె సహచరులు శ్లేష్మానికి అంటుకునే సూక్ష్మ గోళాల మీద పరిశోధన చేశారు. 1987లో పిండిపదార్థంతో చేసిన గోళాలు, 1994లో కైటోసాన్ అనే పదార్థం ముక్కులో మందును ఎక్కువసేపు నిలపగలవని, ఎక్కువగా ఇంకేటట్లు చేయగలవని చూపారు. కైటోసాన్‌ను రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. మన కోస్తా రొయ్యల పరిశ్రమలో మిగిలిపోయే పెంకులు దానికి ముడిసరుకే.

జెల్ అంటే ఏమిటో మీ వంటింటిలోనే చూడవచ్చు. సబ్జా గింజలను నీళ్ళలో వేస్తే వాటి చుట్టూ మెత్తని జిగురు పొర ఏర్పడుతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, సన్నని అల్లికలో చిక్కుకొని కదలకుండా ఉన్నది. మందును అటువంటి అల్లికలో ఉంచితే కేశికలు దానిని త్వరగా నెట్టివేయలేవు. మందు నెమ్మదిగా విడుదల అవుతుంది.

అయితే చిక్కని జెల్‌ను స్ప్రేగా చిమ్మడం కష్టం. అందుకని సీసాలో నీరులా ఉండి ముక్కులో పడగానే జెల్‌గా మారే పదార్థాలను ఎన్నుకొన్నారు. పోలాక్సమర్ చల్లగా ఉన్నప్పుడు ద్రవం, శరీరపు వేడికి జెల్. జెల్లాన్ గమ్ శ్లేష్మంలోని సోడియం, కాల్షియం లవణాలు తగలగానే గడ్డకడుతుంది. కార్బొపాల్ ఆమ్లత తగ్గినప్పుడు చిక్కబడుతుంది. జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్ కూడా ఈ కోవలోనిదే. దానిని నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి తీస్తారు.

ఈ విద్య మందుల దుకాణానికి చేరిన దాఖలాలు చూడండి. 1996లో అమెరికాలో బి12 విటమిన్ ముక్కు జెల్‌కు అనుమతి లభించింది. జీర్ణాశయం బి12ను గ్రహించలేని వారికి, సూదిమందుతో కోలుకున్నాక, వారానికి ఒకసారి వాడుకొనేందుకు అది పనికివచ్చింది. 2005లో దాని స్థానంలో స్ప్రే వచ్చింది. 2010లో ఐరోపాలో పెక్టిన్‌తో కూడిన ఫెంటనిల్ స్ప్రేకు అనుమతి దొరికింది. క్యాన్సర్ రోగులకు ఉన్నట్టుండి ఎగసే నొప్పికి అది ఉద్దేశించినది. పెక్టిన్ ముక్కులో జెల్‌గా మారి ఆ శక్తిమంతమైన మందు ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా ఆపుతుంది. 2014లో టెస్టోస్టిరోన్ ముక్కు జెల్ అమెరికాలో ఆమోదం పొందింది.

మన దేశపు ఫార్మసీ కళాశాలలలో కూడా ఈ రంగంలో పరిశోధనలు విరివిగా సాగుతున్నాయి. మూర్ఛ, పార్కిన్సన్ వ్యాధి, పార్శ్వపు తలనొప్పి మందులను జెల్ రూపంలో మెదడుకు చేర్చాలని ప్రయత్నం. కబేళా నుంచి తెచ్చిన మేక, గొర్రె ముక్కు పొరల మీద మందు ఎంత ఇంకుతుందో చూస్తారు. మేక ముక్కు పొరలో ఇంకిన మందు మనిషి మెదడుకు అంతే చేరుతుందని చెప్పలేము. కనుక ఈ పరిశోధనలలో అధికభాగం ఇంకా ప్రయోగశాల దశలోనే ఉన్నది.

జెల్‌కు మరొక ముఖం కూడా ఉంది. అమెరికాలో జైకామ్ అనే పేరుతో జింక్ గ్లూకోనేట్ ముక్కు జెల్‌ను జలుబుకు వైద్యుని చీటీ లేకుండా అమ్మేవారు. వాసన పోయిందన్న ఫిర్యాదులు 130కి మించి చేరాక, 2009 జూన్ 16న ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ దానిని వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. టొరంటో పిల్లల అనుభవానికీ ఈ హెచ్చరికకూ మధ్య 72 ఏళ్ళు గడిచాయి. జింక్ వాసన కణాలను చెరుపుతుందన్న సంగతి గ్రంథాలలో ఉన్నా, దుకాణాలలో ఆ జ్ఞాపకం మిగలలేదు. వాసన తెలియనివారికి అన్నం మాడినా తెలియదు, వంటగ్యాసు కారినా తెలియదు. మందును నిలిపే గుణమే విషాన్ని కూడా నిలుపుతుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన చుక్కలు

మన తెలుగు నేల మీద ఈ చరిత్రకు చేరిన ముఖ్యమైన ఘట్టం కోవిడ్ కాలంలోనిది. హైదరాబాదు సమీపంలోని జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్, అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన టీకా ఆధారంగా ఇన్‌కోవాక్ అనే ముక్కు టీకాను తయారుచేసింది. చింపాంజీలలో కనిపించే అడినోవైరస్‌ను వృద్ధి చెందకుండా మార్చి దానిని వాహనంగా వాడారు. 2022 సెప్టెంబరు 6న 18 ఏళ్ళు నిండినవారికి పరిమిత అత్యవసర వినియోగానికి, అదే నవంబరులో బూస్టరుగా అనుమతి వచ్చింది. 2023 జనవరి 26న విడుదలైంది. ధర ప్రైవేటులో 800 రూపాయలు, ప్రభుత్వానికి 325 రూపాయలు. ఒక్కొక్క ముక్కురంధ్రంలో నాలుగేసి చుక్కలు వేసేవారు. అప్పటికే చాలామంది చేతికి టీకాలు వేయించుకొని ఉండడంతో దాని వాడకం విస్తరించలేదు. అంతకు ముందు 2010లో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ స్వైన్ ఫ్లూకు నాసోవాక్ అనే ముక్కు టీకాను తెచ్చింది.

క్రిమి ప్రవేశించే గుమ్మంలోనే కాపలా పెట్టడం ఈ టీకాల ఉద్దేశం. చైనా వైద్యులు గొట్టంతో ఊదిన నాటి ఆలోచనే ఇక్కడ సురక్షితమైన రూపం దాల్చింది. అయితే సురక్షితం అనే మాటను ప్రతిసారీ రుజువు చేసుకోవాలి. 2000-01 చలికాలంలో స్విట్జర్లాండులో ఒక ఫ్లూ ముక్కు టీకా వాడకంలోకి వచ్చింది. దానిలో ప్రభావం పెంచడానికి ఒక బాక్టీరియా విషపదార్థాన్ని కలిపారు. తీసుకొన్నవారిలో ముఖం ఒకవైపు పక్షవాతం కలగడం మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించడంతో దానిని ఆపివేశారు. ముక్కుకూ నాడులకూ ఉన్న సామీప్యం ఎంతటిదో ఆ సంఘటన గుర్తుచేస్తుంది.

మన ఇంటికి దీని పాఠం

మొదటిది పసిబిడ్డల విషయం. నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ ముక్కులో ఆముదమో కొబ్బరినూనెయో రెండు చుక్కలు వేయడం, ముక్కులో ఊదడం మన పెద్దలు ప్రేమతో చేసే పనులే. 1925లో వెల్లడైన ప్రమాదం ఆ రెండు చుక్కలలోనూ ఉన్నది. ఏడుస్తున్న బిడ్డ ఊపిరితిత్తులలోకి నూనె జారడానికి క్షణం చాలు. అలా చేరిన నూనెను యాంటీబయాటిక్ కరిగించలేదు. బిడ్డ ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు చాలును. ఇంట్లో బాలింత ఉంటే ఈ సంగతి అవ్వకు మర్యాదగా, ఓపికగా చెప్పండి. ఆమె అనుభవాన్ని తక్కువ చేయకుండా చెబితే ఆమె తప్పక వింటుంది.

రెండవది కామెర్ల పసరు. చేదుబీర వంటి ఘాటైన పసరు ముక్కులో పిండినప్పుడు పసుపుపచ్చని నీరు ధారగా కారుతుంది. కామెర్లు దిగిపోతున్నాయని చూసేవారు నమ్ముతారు. నిజానికి అది మండిన శ్లేష్మపు పొర కార్చే నీరు. కామెర్లకు మూలం కాలేయంలోనో, పిత్తనాళంలోనో, రక్తంలోనో ఉంటుంది. వైరస్ వలన వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ ఖ్యాతి పసరుకు దక్కుతుంది. తగ్గని కామెర్లలో పసరుతో గడిచిన రోజులు రోగి ప్రాణం మీదికి తెస్తాయి.

మూడవది ముక్కు దిబ్బడకు దుకాణంలో కొనే చుక్కలు. జైలోమెటజోలిన్, ఆక్సిమెటజోలిన్ చుక్కలు నిమిషాలలో ఊపిరి ఆడేటట్లు చేస్తాయి. ఐదు రోజులు దాటితే ఆ చుక్కలే దిబ్బడకు కారణమవుతాయి. మరల చుక్కలు, మరల దిబ్బడ, పొడుము అలవాటు వంటిదే ఇది కూడా.

నాలుగవది ఎండిన ముక్కు. మన వేసవిలో పక్కులు కట్టడం, గిల్లితే రక్తం రావడం సాధారణం. సెలైన్ చుక్కలు, సెలైన్ జెల్ తేమను నిలుపుతాయి. లోపల పొరలు క్షీణించి దుర్వాసన వచ్చే పీనస వ్యాధికి గ్లిసరిన్‌లో 25 శాతం గ్లూకోజు కలిపిన చుక్కలను చెవి-ముక్కు-గొంతు వైద్యులు చాలాకాలంగా వాడుతున్నారు. చిక్కని గ్లిసరిన్ నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. జెల్ అనే పేరు లేకపోయినా సూత్రం ఒక్కటే.

చివరిది ఫిట్స్. ఉల్లిగడ్డ వాసన చూపడం, చేతిలో తాళంచెవులు పెట్టడం వలన ఫిట్స్ ఆగవు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోటిలో ఏమీ పెట్టకండి. ముందే వైద్యుడు రాసి ఇచ్చి ఉంటే మిడజోలం ముక్కు స్ప్రేను చెప్పిన మోతాదులో వాడండి. ఐదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రి దూరమైన పల్లెలలో ముక్కు ద్వారా మందు అనే ఈ పురాతన మార్గం ప్రాణం కాపాడగల సందర్భం ఇది.

ముక్కులో వేసేది పసరు అయినా, నూనె అయినా, కొత్తగా వచ్చిన జెల్ అయినా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎంతసేపు నిలుస్తుంది? నిలిచినంతసేపు ఏమి చేస్తుంది? జారిపోతే ఎక్కడికి పోతుంది? వీటికి తృప్తికరమైన సమాధానం దొరికిన తరువాతనే సీసా మూత తీయండి.